నాలుగు ఉత్తరాలు, ఒక కుక్క

సెప్టెంబర్ 6

కౌంటీ ఆఫీసుకి వెళ్లి పిస్టల్ పర్మిట్ ఫారం తెచ్చాను. కోటు కింద పెట్టుకుని తిరగడానికి ఇచ్చే పర్మిట్. పదిహేడు పేజీలు. రైఫిల్‌కి ఇవేవీ అక్కర్లేదు. రైఫిల్ వంటింటి తలుపు వెనక ముప్పై ఏళ్లుగా ఉంది, ఎవడూ అడగలేదు. కానీ రైఫిల్ ఎత్తి గురిపెట్టాలంటే రెండు భుజాలు కావాలి. నాకిప్పుడు ఒకటే. రెండోదాన్ని కిందటేడు పొట్టేలు కొట్టం గోడకేసి గుద్దింది. డాక్టరు కోసి కుట్టాడు. కుట్టినా చెయ్యి చెవి దాకా లేవదు.

నేను మంచిదాన్నని నలుగురి దగ్గర ఉత్తరాలు తేవాలట. నలుగురూ ఈ కౌంటీలోనే ఉండాలి. చుట్టాలు కాకూడదు. వాళ్ల మీద కేసులు ఉండకూడదు. నన్ను ఐదేళ్లకి తక్కువ కాకుండా ఎరిగుండాలి. సొంత మాటల్లో రాసి, నోటరీ ముందు సంతకం పెట్టి, కవరు అంటించి ఇవ్వాలి.

యాభై ఎనిమిదేళ్లు ఈ లోయలోనే బతికాను. ఇప్పుడు ఇంటింటికీ తిరిగి నా మంచితనం అడుక్కురావాలి.

సెప్టెంబర్ 7

తుపాకి ఎందుకు కావాలని ఫారంలో ఎక్కడా అడగలేదు. రెండుసార్లు వెతికాను. ఆ ప్రశ్న తీసేశారట. అడిగితే చెప్పేదాన్ని. కిందటి ఏప్రిల్‌లో పదకొండు గొర్రెపిల్లల్ని కొయోటీలు ఎత్తుకుపోయాయి. పదకొండోది నా కళ్ల ముందే పోయింది. అప్పుడే తెల్లారింది, నా చేతిలో దాణా బకెట్ ఉంది. తోడేలుకి తమ్ముడిలా ఉంటుంది ఆ జంతువు. పిల్లను మెడ దగ్గర కరుచుకుని, ఆగి, నా వైపు చూసింది. దానికేమీ తొందర లేదు. బకెట్ విసిరాను. కంచె దాకా కూడా పోలేదు.

వచ్చే ఏప్రిల్ కూడా ఇలాగే అయితే మందను సంతకి తోలెయ్యడమే. మా ఆయన పోయి పదమూడేళ్లు. గొర్రెలు కూడా పోతే ఈ కొండ మీద నాకేం పని.

కాపలాకి కుక్కను పెట్టుకోమని అందరూ చెబుతారు. నేను కుక్కను పెట్టను.

సెప్టెంబర్ 9

పేర్లు రాసుకున్నాను. ఈ లోయలో సగంమంది నాకు చుట్టాలు. మిగతా సగంలో మగవాళ్లందరినీ ఏదో ఒక ఏడాది తాగి బండి నడుపుతుంటే పట్టుకున్నారు. ఈ రెంటిలోనూ పడనివాళ్లు నాతో మాట్లాడరు. కొట్టివేతలన్నీ పోగా నలుగురు మిగిలారు. పాల ట్యాంకరు ఎల్బర్ట్. టౌన్ క్లర్క్ మార్షియా. పాస్టరు గెయిల్. పశువుల డాక్టరు.

ఐదో పేరు ఓరిన్ టీచౌట్. పక్క పొలం. ఇరవై ఏళ్లుగా నాకు గడ్డి కోసి పెట్టేది అతనే. రాశాను, కొట్టేశాను.

సెప్టెంబర్ 14

ఎల్బర్ట్ క్వాకెన్‌బుష్ ఇంటికి వెళ్లాను. ఎనభై నాలుగేళ్లు. నలభై ఏళ్లు పాల ట్యాంకరు నడిపి, ఈ లోయలో ప్రతి కొట్టంలోకీ తొంగిచూసిన మనిషి. నా గురించి నాలుగు మంచి ముక్కలు రాయమన్నాను. నాలో మంచి ఏముందని అడిగాడు. అది నువ్వే రాయాలన్నాను. అబద్ధం రాస్తే జైలా అన్నాడు. అవునన్నాను. అయితే చిన్న కాగితం చాల్లే పిల్లా అని తన మాటకి తనే నవ్వి, నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు ఆగేదాకా నన్ను వీపు మీద కొట్టమన్నాడు.

పెన్నుతో రాయాలని చెప్పాను. పెన్నుతో ఆలోచించడం తనకి రాదట. ముందు పెన్సిల్‌తో రాసి తర్వాత దిద్దుతాడట.

నిలబెట్టి రెండు గంటలు తన మోకాలి ఆపరేషన్ గురించి చెప్పాడు. మంచిదాన్ని కాబట్టి విన్నాను.

సెప్టెంబర్ 20

ఎల్బర్ట్ కాగితం పట్టుకుని వచ్చాడు, తప్పులు దిద్దాలని. ఇదీ అందులో ఉన్నది:

"లీటా డైగర్ట్ పుట్టినప్పటి నుంచి నాకు తెలుసు. ఓరిన్ టీచౌట్ కుక్క తన గొర్రెల మీద పడితే ఒక్క గుండుతో కొట్టింది. కుక్క బాధపడలేదు. కుక్కని తనే మోసుకెళ్లి ఓరిన్‌కి అప్పజెప్పి, నేనే చంపానని మొహం మీద చెప్పింది. అందరూ అలా చెయ్యరు."

అంతే.

తుపాకి పర్మిట్ కోసం పంపే కాగితంలో ఇది కుక్కని కాల్చింది అని రాస్తారా అని అడిగాను. అతనికి నా బాధ ఏమిటో తెలియలేదు. నిజంగానే తెలియలేదు. పదహారేళ్లుగా థాంక్స్‌గివింగ్ పండగ నాడు భోజనం పట్టుకెళుతున్నానే, అది రాయమన్నాను. అందులో ఏముంది, ఆ కూరలో ఉప్పే ఉండదన్నాడు. వాళ్లావిడ మంచంలో ఉన్నప్పుడు నెల రోజులు నేనే వెళ్లి చూశానే, అది రాయమన్నాను. అది ఆడవాళ్లు చేసేదే కదా అన్నాడు. కుక్క ముక్క తీసెయ్యమని బతిమాలాను.

"కుక్కని చంపినవాళ్లు ఈ లోయలో చాలామంది ఉన్నారు పిల్లా," అన్నాడు. "తీసుకెళ్లి ఇచ్చినదానివి నువ్వొక్కదానివే."

ఇక్కడి పద్ధతి తెలిసినదే. మందలో పడ్డ కుక్కని కాల్చు, పూడ్చు, నోరు మూసుకో. చట్టం కాల్చనిస్తుంది. మిగతా రెండూ మనుషులు కలుపుకున్నవి. కాబట్టి గోనెసంచిలో కుక్కని చుట్టుకుని యజమాని వాకిట్లోకి వెళ్లినదాన్ని పదకొండేళ్లుగా తలుచుకుంటున్నారు. తప్పులు దిద్ది ఇచ్చాను. పెన్నుతో రాసి అంటించుకున్నాడు.

సెప్టెంబర్ 21

యాభై ఎనిమిదేళ్ల బతుకు. ఒక కుక్క.

సెప్టెంబర్ 28

మార్షియా లూమిస్. టౌన్ క్లర్క్. పెళ్లి లైసెన్సులు, కుక్కల లైసెన్సులు, చెత్త డంపు పాసులు, అన్నీ ఆవిడ బల్ల మీదే. నోటరీ కూడా ఆవిడే. మిగతా ముగ్గురి సంతకాలకీ తను ముద్ర వేస్తుందట, తన దానికి మాత్రం బ్యాంకులో వేయించుకురావాలట. ఈస్టరుకి ఒక గొర్రెకాలు అడిగింది. నేను మొహం చిట్లించాను. మంచితనం ఊరికే వస్తుందా మహాతల్లీ అంది. వెనక కుర్చీలో డంపు పాసు కోసం కూర్చున్నవాడు నవ్వాడు. వాడి సంతకం నాకు పనికిరాదు, వాడు నా పినతల్లి కొడుకు.

ఏం రాస్తావని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. కుక్కల రిజిస్టరు తీసింది. పదకొండేళ్ల కిందటి పేజీ. టగ్, మగ, పసుపు, యజమాని ఓరిన్ టీచౌట్. దాని మీద ఎర్ర గీత. ఓరిన్ రాలేకపోతే ఆ వారం నేనే వచ్చి కొట్టేయించానట. ఆ గీత కొట్టేటప్పుడు ఈ బల్ల ముందు నేను ఎంత నిటారుగా నిలబడ్డానో ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుందట. తేదీతో సహా రాస్తుందట. కోర్టువాళ్లకి తేదీలంటే ఇష్టమట.

గొర్రెకాలు ఇస్తానని ఒప్పుకున్నాను.

అక్టోబర్ 5

పశువుల డాక్టరు ఉత్తరం రాసి, అంటించే ముందు చూపించాడు. ఆరు వాక్యాలు. ఈవిడ గొర్రెల గిట్టలు శుభ్రంగా ఉంటాయి. పిలవాల్సిన సమయానికి పిలుస్తుంది, ఆలస్యం చెయ్యదు. చచ్చేదాన్ని నొప్పితో లాగనివ్వదు. కొట్టంలో గాలి ఆడుతుంది. బిల్లు మీద వాదించదు. పర్మిట్ ఇవ్వొచ్చు.

ట్రక్కులో కూర్చుని మళ్లీ తలుచుకున్నాను. నేను చేసిన పనులు రాసినవాడు అతనొక్కడే.

అక్టోబర్ 13

పాస్టరు గెయిల్ ఈ ఊరికి వచ్చి ఆరేళ్లు. మూడు చర్చిలకీ ఆవిడే, ఆదివారం ఒకచోట ప్రార్థన ముగించి ఇంకోచోటికి కారులో పరిగెత్తుతుంది. కుక్క సంగతి జరిగినప్పుడు ఆవిడ ఇక్కడ లేనేలేదు. కాబట్టి రాయదనుకున్నాను.

చర్చి వంటగదిలో కాఫీ కాగుతుంటే చదివి వినిపించింది. రెండు పేజీలు. పొగమంచులో నేను కుక్కని చేతుల మీద మోసుకుంటూ మైలు దూరం నడిచి వెళ్లానట. ట్రక్కులో వెళ్లాను. ఓరిన్ గుమ్మంలో కన్నీళ్లు పెట్టుకున్నానట. పెట్టుకోలేదు. ఓరిన్ నన్ను లోపలికి పిలిచాడట, ఇద్దరం కలిసి ప్రార్థన చేశామట. ఓరిన్ చర్చికి వచ్చేది క్రిస్మస్‌కి, అదీ అతని కూతురు వస్తేనే.

ఇవన్నీ ఎవరు చెప్పారని అడిగాను. అందరూ చెప్పారంది. తను వచ్చిన మొదటి నెలలోనే ముగ్గురు చెప్పారట, ఈ ఊరు ఎలాంటిదో తెలియాలని. సత్యం మీద ఒక ఆదివారం ఇదే చెప్పిందట, పేరు చెప్పకుండా. నేను ఆ వారం గొర్రెల ఉన్ని తీయిస్తూ ఉండి వెళ్లలేదు.

ఆవిడ కళ్లలో నీళ్లు. థాంక్స్ చెప్పి కవరు పుచ్చుకున్నాను.

అక్టోబర్ 25

నాలుగు కవర్లూ పట్టుకుని కౌంటీ ఆఫీసుకి వెళ్లాను. కిటికీ వెనక అమ్మాయి పశువుల డాక్టరు కవరు తిరిగి తోసేసింది. అతని ఇల్లు రోడ్డుకి ఇవతల, ఈ కౌంటీలోనే ఉంది. అతని ఉత్తరాలు పడే పోస్టు డబ్బా రోడ్డుకి అవతల, పక్క కౌంటీలో ఉంది. డ్రైవింగ్ లైసెన్సు మీద డబ్బా ఉన్న వైపు అడ్రసే ఉంది. కాబట్టి అతను పక్క కౌంటీ మనిషి. అతని మంచం ఇక్కడే ఉందని చెప్పాను. మంచాలు తమ రికార్డులో ఉండవంది.

వేలిముద్రలు కూడా పడలేదు. మూడుసార్లు గుడ్డతో తుడిపించి పెట్టించింది. ముళ్లకంచెకి, సున్నానికి, గొర్రె కొవ్వుకి అరిగిపోయిన వేళ్లు. నేను ఎవరినో మెషీనుకి తెలియలేదు. ఇంకో రోజు రమ్మంది.

అక్టోబర్ 26

మిగిలింది ఓరిన్.

నవంబర్ 2

వారం రోజులుగా అతని గేటు ముందు నుంచి పోతున్నాను, ఆగడం లేదు. ఇక్కడ రాయకపోతే ఎక్కడా రాయను, కాబట్టి రాస్తాను.

పదకొండేళ్ల కిందట, ఇదే నెల. మూడు వారాల్లో ఆరు గొర్రెల గొంతులు చీల్చి ఉన్నాయి. నిద్ర లేదు నాకు. ఒక పొద్దున పొగమంచులో, చచ్చిన గొర్రె పక్కన పసుపురంగు వీపు కనిపించింది. అప్పుడు నాకు రెండు భుజాలూ ఉన్నాయి. ఒక్క గుండు. ఎల్బర్ట్ రాసింది అంతవరకూ నిజం.

దగ్గరికి వెళ్లి తిప్పి చూశాను. ఓరిన్ కుక్క టగ్. నోరు తెరిచాను. పళ్ల మధ్య ఒక్క పోగు ఉన్ని లేదు. చిగుళ్ల మీద రక్తం లేదు. గొర్రె అప్పటికే చల్లబడి బిగుసుకుంది, రాత్రెప్పుడో పోయింది. కుక్క వాసన పట్టుకుని వచ్చి చూస్తోంది, అంతే. ఏ కుక్కయినా వస్తుంది.

పూడ్చేదాన్నే. కానీ నేల అప్పటికే గడ్డకట్టింది. ఓరిన్ వెతుక్కుంటూ వస్తాడు, గుండు చప్పుడు విని ఉంటాడు. ముందుగా నేనే వెళ్లడం నయమనుకున్నాను. ధైర్యం కాదు. దొరకకముందే వెళ్లాను.

నా గొర్రెల్లో ఉంది ఓరిన్ అన్నాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. అతను టోపీ తీసి నాకు క్షమాపణ చెప్పాడు. అతను నాకు. నేను నిలబడి పుచ్చుకున్నాను.

పందొమ్మిది రోజులకి ఇంకో గొర్రె పోయింది, అదే రకంగా. ఎవరికీ చెప్పకుండా పేడకుప్పలో పూడ్చాను. జనవరిలో వల వేసేవాణ్ణి కౌంటీ అవతల నుంచి పిలిపించాను, ఇక్కడివాడైతే చెబుతాడని. మూడు కొయోటీలు పడ్డాయి.

నా మంచితనం మొత్తం ఇదీ.

నవంబర్ 9

వెళ్లాను. ఓరిన్ ట్రాక్టరు కింద నుంచి బయటికి వచ్చి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. నేను నోరు విప్పకముందే ఎందుకొచ్చావో తెలుసన్నాడు. నేను ఇంటింటికీ తిరుగుతున్నట్టు నెల రోజుల కిందటే విన్నాడట. ఎల్బర్ట్‌ని అడిగింది, ఆరేళ్ల కిందట వచ్చిన పాస్టరుని అడిగింది, డబ్బా అవతల ఉన్న డాక్టరుని అడిగింది, కంచె పక్కన ఉన్నవాణ్ణి అడగలేదని మనసు కష్టపెట్టుకున్నాడట. నన్ను తిట్టే హక్కు తనకి ఉందన్నట్టు నవ్వుతూ అన్నాడు. అందరికంటే ముందు నా దగ్గరికే రావాల్సింది లీటా, నాకంటే నిన్ను ఎరిగినవాడెవడు, అన్నాడు.

అడగడం మొహమాటమైందని చెప్పాను. కుక్క గురించా అన్నాడు. నేల చూశాను. పిచ్చిదానా, దాని గురించే రాస్తాను అన్నాడు.

వెళ్లేటప్పుడు ఒక బుట్టెడు ఆపిల్ పళ్లు ట్రక్కులో పెట్టాడు. పందులకి వేసేశాను.

నవంబర్ 15

ఓరిన్ కవరు వచ్చింది. అంటించి ఉంది. బరువుగా ఉంది. తీసుకెళ్లి కిటికీలో ఇచ్చాను. వేలిముద్రలు ఈసారి పడ్డాయి.

డిసెంబర్ 8

పర్మిట్‌కి కావాల్సిన పద్దెనిమిది గంటల తుపాకి క్లాసు అయిపోయింది. నేర్పినవాడు మెడ మీద పచ్చబొట్టు ఉన్నవాడు, అన్నీ తెలిసినవాడు. తుపాకి బరువు నడుము మీద కాదు, మనస్సాక్షి మీద ఉండాలన్నాడు. ఆ మాట ఎక్కడో చదివి ఉంటాడు. కాగితం మనిషి మీద ఇరవై గుళ్లు కాల్చాను, పద్దెనిమిది తగిలాయి. ఒంటిచేత్తో. తల ఊపాడు.

జనవరి 19

ఏమీ రాలేదు. మంచు. నీళ్ల తొట్టెల్లో పొద్దున్నే గడ్డ పగలగొట్టడం. గొర్రెలు బరువుగా ఉన్నాయి. ఈసారి కవలలు ఎక్కువ.

ఫిబ్రవరి 22

జడ్జి పిలిచాడు. అందరినీ పిలవరట. నన్ను పిలిచాడు.

మనిషి డౌన్‌స్టేట్ నుంచి, అంటే కింద పట్నాల వైపు నుంచి, వచ్చి రెండేళ్లు. బల్ల మీద తన కుక్క ఫొటో ఉంది, మెడకి గుడ్డ కట్టి ఉంది. నా ఫైలు ముందు పెట్టుకున్నాడు. నాలుగు ఉత్తరాలు, నాలుగూ మీరు పొరుగువాడి కుక్కని కాల్చిన సంగతే అన్నాడు. ఒకదాంట్లో మీరు నడిచి వెళ్లారు, ఇంకోదాంట్లో ట్రక్కులో వెళ్లారు, ఒకదాంట్లో ఏడ్చారు అన్నాడు. అక్కడా ఇక్కడా కలిపి పదేళ్లలో ఇలాంటివి రెండువేలు చదివానన్నాడు. తాము సిఫారసు చేసే మనిషి ఫలానాదాన్ని కాల్చిందని గర్వంగా రాసినవాళ్లని ఇంతవరకు చూడలేదన్నాడు. మీ ఊరివాళ్లకి మీ మీద కోపమా, మిసెస్ డైగర్ట్, అని అడిగాడు.

కోపం కాదని చెప్పాను. వాళ్ల దృష్టిలో అది మంచిపని అని చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదో లాగా ఉంది.

అప్పుడు కళ్లజోడు తీసి అడిగాడు.

"ఆ కుక్కే అని మీకెలా తెలిసింది?"

పదకొండేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎల్బర్ట్ అడగలేదు. రిజిస్టరులో ఎర్రగీత కొట్టినావిడ అడగలేదు. దేవుడి మనిషి అడగలేదు. కుక్కను పోగొట్టుకున్న ఓరినూ అడగలేదు. బల్ల మీద కుక్క ఫొటో పెట్టుకున్న పరాయివాడు అడిగాడు.

ఇప్పుడు చెప్పొచ్చు అనుకున్నాను. చెబితే పర్మిట్ పోతుంది, ఏప్రిల్ వస్తుంది, మంద పోతుంది. అన్నీ అర నిమిషంలో లెక్కకొచ్చాయి. నేను అంత తొందరగా లెక్క కట్టగలనని నాకు తెలియదు.

"గొర్రెల్లోనే ఉంది సర్," అన్నాను.

జడ్జి ఓరిన్ ఉత్తరం తీశాడు. కొంత పైకి చదివాడు. "ఇంకెవరైనా అయితే పూడ్చేసి ఊరుకునేవాళ్లు. నేను జన్మంతా వెతుక్కునేవాణ్ణి. తను వచ్చి చెప్పింది. ఆ రోజు నుంచి ఆవిడ చెప్పిన ఏ మాటకీ నేను రెండో మాట అడగలేదు." కాగితం మడిచాడు. కుక్క పోగొట్టుకున్నవాడే ఇలా అంటుంటే నేనెవర్ని అన్నాడు. సంతకం పెట్టాడు. బయటికి వెళ్లేటప్పుడు లేచి తలుపు తీశాడు కూడా.

పార్కింగ్‌లో ట్రక్కు పక్కన నిలబడి ఉమ్మేశాను. నోరు బాగుపడలేదు.

మార్చి 16

పర్మిట్ కార్డు గురువారం వచ్చింది. ఫొటోలో దొంగలా ఉన్నాను.

ఈ మధ్యాహ్నం ఓరిన్ దగ్గరికి వెళ్లాను. షుగర్‌హౌస్‌లో, అంటే పాకం కాచే షెడ్డులో, మేపుల్ చెట్ల రసం కాస్తున్నాడు. ఆవిరిలో అతని కాళ్లు, చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. పొయ్యి మీద రసం మరుగుతున్నప్పుడు మనిషి వదిలి పోలేడు, మాడిపోతుంది. అందుకే ఆ వేళ చూసుకుని వెళ్లాను, మధ్యలో లేచిపోకుండా వింటాడని.

కూర్చోకుండానే చెప్పాను. టగ్ నోరు తెరిచి చూశానని, ఉన్ని లేదని, రక్తం లేదని, గొర్రె చల్లగా ఉందని. పందొమ్మిది రోజులకి ఇంకోటి పోయిందని. అది కొయోటీల పని అని. ఆ పొద్దున అతని వాకిట్లో నిలబడ్డప్పుడే నాకు తెలుసని. ఇంట్లో వారం రోజులు కూడబలుక్కున్నదంతా చూస్తుండగానే అయిపోయింది.

అతను నురుగు తీస్తూనే ఉన్నాడు. తీసి, గరిట బకెట్‌లో దులిపి, మళ్లీ తీశాడు. పొయ్యి తలుపు తెరిచి నాలుగు చెక్కపేళ్లు వేశాడు. వినలేదేమో అనుకున్నాను. మళ్లీ మొదలుపెట్టబోతే చెయ్యి ఎత్తాడు.

అప్పట్లో అతని దగ్గర రెండు కుక్కలుండేవి. రెండోది టగ్ తల్లి, నెల్. ఆ ఏడాదే దాన్ని పెన్సిల్వేనియాలో కూతురికి ఇచ్చేశానని అందరికీ చెప్పాడు. పిల్లలున్న ఇల్లు, దానికి బాగుంటుందని.

"నెల్‌ని ఎవరికీ ఇవ్వలేదు," అన్నాడు. "నువ్వు వెళ్లిన గంటకి ఈ షెడ్డు వెనక్కి పిలిచాను. వచ్చింది. పిలిస్తే ఎప్పుడూ వచ్చేది."

మళ్లీ గరిటతో నురుగు తీశాడు.

"రెండూ కలిసే తిరిగేవి కదా. కొడుకు రుచి మరిగితే తల్లి మరగకుండా ఉంటుందా అనుకున్నాను. ఇంకోసారి నువ్వు సంచి మోసుకుని నా వాకిట్లోకి రాకూడదని నా తుపాకితో నేనే ఆ పని చేశాను. నువ్వు చూపించిన మర్యాదకి అది నా మర్యాద."

ఆవిరి పైకప్పు చీలికలోంచి పోతూ ఉంది. అతనికి కోపమొస్తుందనుకున్నాను. గరిటతో కొట్టినా పుచ్చుకునేదాన్ని. కోపం రాలేదు. బతిమాలుతున్నట్టు చూశాడు. డెబ్బై రెండేళ్ల మనిషి.

"టగ్ నీ గొర్రెల్ని చంపింది లీటా. నువ్వు నాకు అలాగే చెప్పావు. ఇప్పుడు ఇంకోలా చెప్పకు. నాకే కాదు, ఎవరికీ."

సరేనన్నాను.

కాగితం కప్పులో వేడి సిరప్ పోసి చేతికిచ్చాడు. ఈ రోజుల్లో షుగర్‌హౌస్‌కి ఎవరొచ్చినా అలా ఇస్తాడు. తాగేదాకా నిలబడి చూశాడు. తాగాను. ఇంటికి వచ్చి మూడుసార్లు నోరు కడుక్కున్నాను.

మార్చి 17

కార్డు వెనక్కి ఇచ్చెయ్యాలనుకుని ట్రక్కు ఎక్కాను. ఎక్కి దిగాను. కారణం అడుగుతారు. కారణం చెబితే ఓరిన్ వింటాడు. మాటిచ్చాను.

బాగుంది. ఇప్పుడు నా అబద్ధం అతని సొత్తు కూడా.

మార్చి 27

రివాల్వర్ కొన్నాను. ట్వెంటీటూ, చిన్న గుండుది. షాపువాడు నా ఇంటిపేరు చూసి, ఆ కుక్కావిడ మీరేనా అన్నాడు.

ఏప్రిల్ 2

మార్షియాకి గొర్రెకాలు పట్టుకెళ్లి ఇచ్చాను. చిన్నదంది.

ఏప్రిల్ 12

ఇరవై ఆరు పిల్లలు. పొద్దున్నే కింది పచ్చికలో కొయోటీ కనిపించింది. ఒంటిచేత్తో రెండు గుళ్లు కాల్చాను. తగల్లేదు. చప్పుడుకే అడవిలోకి పోయింది. మళ్లీ రాలేదు.

ఏప్రిల్ 30

యాభై ఒక్క పిల్లలు. రెండు పుట్టగానే పోయాయి. కొయోటీలకి ఒక్కటీ పోలేదు. మంద అమ్మక్కర్లేదు.

రోజూ పొద్దున బెల్టు పెట్టుకుంటున్నాను, సాయంత్రం తీస్తున్నాను. కోరుకున్నది దొరికింది. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు.

మే 18

ఫైర్‌హౌస్‌లో ఊరందరికీ చికెన్ బార్బెక్యూ. ఓరిన్ వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఎదురుగా ఊరికి కొత్తగా వచ్చిన జంట. వాళ్లకి కుక్క కథ చెప్పాడు. టగ్ పళ్ల నిండా ఉన్ని ఉందని చెప్పాడు. ఇదివరకు ఎవరు చెప్పినా ఆ ముక్క ఉండేది కాదు. చెప్పి నా వైపు తిరిగాడు. అంతే కదా లీటా, అన్నాడు.

అంతే అన్నాను. పీకితే గుప్పెడు వచ్చిందన్నాను.